స్క్రిప్టు "విజయవంతం" అని మెయిల్ పంపుతోంది, బ్యాకప్ ఫైలు చూస్తే 20 బైట్లే ఉంది

పత్రికల గది (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. గుంటూరు జిల్లాలోని ఒక చిన్న గ్రంథాలయంలో పాత తెలుగు పత్రికలను స్కాన్ చేసే స్వచ్ఛంద బృందంలో నేను పనిచేస్తున్నాను. ఇప్పటికి దాదాపు 64 వేల పుటలు స్కాన్ చేశాం. ఒక్కో పుట సుమారు 15 మెగాబైట్ల టిఫ్ ఫైలు కాబట్టి మొత్తం ఒక టెరాబైటుకు దగ్గరగా ఉంది. ఏ సంచికలో ఏ వ్యాసం ఉందో చెప్పే సూచిక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంది.

రోజూ రాత్రి 2 గంటలకు నేను బాష్ అనే ఆదేశ భాషలో రాసిన స్క్రిప్టు నడుస్తుంది. అది డేటాబేస్ నకలు తీసే పీజీ డంప్ ఇచ్చిన దానిని పైపు ద్వారా (ఒక ఆదేశం ఫలితాన్ని నేరుగా మరొకదానికి అందించే దారి) ఫైళ్ళను కుదించే జీజిప్‌కు ఇచ్చి, వచ్చిన ఫైలును క్లౌడ్ బకెట్‌కు (ఇంటర్నెట్ మీది నిల్వ చోటుకు) ఎక్కించి, చివర "బ్యాకప్ విజయవంతం" అని మాకు మెయిల్ పంపుతుంది. ఆ మెయిల్ ఒక్క రోజు కూడా తప్పలేదు. ఈ మధ్య మా బృందంలో ఒకరు పొరపాటున ఒక పత్రికకు చెందిన సూచిక మొత్తాన్ని తొలగించారు. బ్యాకప్ ఉందన్న ధైర్యంతో బకెట్ తెరిచి చూస్తే, వరుసగా 73 రోజుల ఫైళ్ళన్నీ ఒక్కొక్కటి సరిగ్గా 20 బైట్లు ఉన్నాయి. అంతకు ముందు రోజుది మాత్రం బాగుంది. ఆ 73 రోజుల్లో చేర్చిన 2,100 నమోదులను చేతిరాత రిజిస్టర్లు ముందు పెట్టుకుని మళ్ళీ టైపు చేయడానికి నలుగురికి మూడు వారాలు పట్టింది.

సరిగ్గా ఆ తేదీన సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చినట్టు తరువాత గుర్తుకు వచ్చింది. ఏ పొరపాటు జరిగి ఉంటుందో, ఇటువంటిది మరుసటి రోజు ఉదయానికే తెలిసేలా స్క్రిప్టును ఎలా తిరగరాయాలో చెప్పగలరా?

రాత్రి కాపలా

పత్రికల గది గారూ, మీ ఫైలు పరిమాణమే జరిగినది చెబుతోంది. ఏమీ ఇవ్వకుండా జీజిప్‌ను నడిపితే వచ్చే ఫైలు సరిగ్గా 20 బైట్లు ఉంటుంది. పాత వెర్షన్ పీజీ డంప్ తనకంటే కొత్త సర్వర్ నుండి డేటా తీయడానికి నిరాకరించి, ఒక దోష సందేశం రాసి ఆగిపోతుంది. జీజిప్ తనకు అందిన శూన్యాన్నే కుదించి, తన పని పూర్తయిందని సున్నా సంకేతంతో ముగుస్తుంది. బాష్‌లో పైపు వరుస ఫలితం అంటే, వేరుగా చెప్పనంత వరకు, చివరి ఆదేశం ఫలితమే. కాబట్టి మీ స్క్రిప్టుకు దోషం కనబడే అవకాశమే లేదు.

స్క్రిప్టు మొదటి వరుసలోనే పైప్‌ఫెయిల్ ఎంపికను పెట్టండి. అప్పుడు వరుసలో ఏ ఆదేశం విఫలమైనా మొత్తం వరుస విఫలమైనట్టే లెక్క. దానితోపాటు, ఆదేశం విఫలమైతే స్క్రిప్టును ఆపే "ఈ" ఎంపికను, పేరు తప్పు రాసిన చలరాశిని పట్టుకునే "యూ" ఎంపికను కూడా పెట్టండి. అయితే "ఈ" ఎంపికను పూర్తిగా నమ్మవద్దు, ఎందుకంటే "ఇఫ్" షరతులో గానీ రెండు ఆదేశాలను కలిపే గుర్తులకు ఎడమవైపు గానీ ఉన్న ఆదేశం విఫలమైతే అది స్క్రిప్టును ఆపదు.

జీజిప్ పరీక్ష ఆదేశం ఒక్కటీ పెడితే చాలని చాలామంది అనుకుంటారు. ఆ 20 బైట్ల ఫైలు మీద దానిని నడిపి చూడండి, బాగుందనే చెబుతుంది. జీజిప్ దృష్టిలో అది నిర్దోషమైన ఫైలు. అందులో ఏమీ లేకపోవడం దాని సమస్య కాదు. అందుకే పరీక్ష లోపల ఉన్న విషయం మీద జరగాలి. సాదా వచన రూపంలో తీసిన డంప్ చివర, అది పూర్తయిందని చెప్పే వ్యాఖ్య వరుస ఒకటి ఉంటుంది, దానిని వెతకండి. కస్టమ్ రూపంలో తీస్తే, డంప్‌ను తిరిగి ఎక్కించే పీజీ రిస్టోర్‌కు జాబితా ఎంపిక ఇచ్చి, మీ ముఖ్యమైన పట్టికల పేర్లు అందులో ఉన్నాయేమో చూడండి. నిన్నటి ఫైలు కంటే నేటిది పదో వంతు తగ్గినా స్క్రిప్టు ఆగి అడగాలి, ఎందుకంటే సూచిక పెరుగుతూ ఉండాలి గానీ తగ్గకూడదు.

ఇది మీకు ఒక్కరికే జరిగినది కాదు. 2017 జనవరి 31న ప్రోగ్రాముల కోడ్‌ను నిల్వచేసే గిట్‌ల్యాబ్ సంస్థలో ప్రధాన డేటాబేస్ ఫోల్డరు పొరపాటున తుడిచిపెట్టబడినప్పుడు, అమెజాన్ వారి క్లౌడ్ నిల్వ అయిన ఎస్3 బకెట్‌లో ఉండాల్సిన డంప్‌లు లేవని అప్పుడే తెలిసింది. సర్వర్ 9.6 వెర్షన్‌ది, డంప్ తీసే పరికరం 9.2 వెర్షన్‌ది. విఫలమైనట్టు చెప్పే మెయిళ్ళు వెళ్ళాయి గానీ, పంపినవారు నిజమైనవారేనని చూపే డీమార్క్ సంతకం లేకపోవడంతో వాటిని అందుకోవాల్సిన మెయిల్ సర్వర్ తిరస్కరించింది. సుమారు ఆరు గంటల ముందు వేరే పని కోసం ఒకరు చేత్తో తీసిన డిస్క్ స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు) ఒకటి ఉండబట్టి మిగిలినదంతా బతికింది. ఆ సంస్థ ఈ వివరాలన్నీ దాచకుండా ప్రచురించింది కాబట్టే మనం ఇవాళ చెప్పుకోగలుగుతున్నాం.

ఆ మెయిళ్ళ సంగతి మీకూ వర్తిస్తుంది. విఫలమైతే మెయిల్ పంపే పద్ధతిలో, సర్వరే ఆగిపోయిన రోజు ఏ మెయిలూ రాదు, ఎవరికీ అనుమానమూ రాదు. అందువల్ల స్క్రిప్టు అన్ని పరీక్షలూ దాటిన తరువాతే బయటి సేవ ఒకదానికి చిన్న పిలుపు ఇవ్వాలి. ఆ పిలుపు అనుకున్న వేళకు రాకపోతే ఆ సేవే మిమ్మల్ని హెచ్చరించాలి. హెల్త్‌చెక్స్ వంటి సేవలు ఈ పనికే ఉన్నాయి.

కాలువ గట్టు

రాత్రి కాపలా గారి వివరణతో ఏకీభవిస్తాను. అయితే ఒక టెరాబైటు టిఫ్‌ల కోసం ఇదంతా చేత్తో రాయాలా అన్నది నా ప్రశ్న. రెస్టిక్ వంటి పరికరం ఫైళ్ళను ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కకూ షా-256 హ్యాష్ (బైట్ల నుండి లెక్కగట్టే, వేలిముద్ర వంటి విలువ) కట్టి, రహస్యలిపిలోకి మార్చి ఎక్కిస్తుంది. మారని ముక్కలను మళ్ళీ ఎక్కించదు. పాత ప్రతులను రోజు, వారం, నెల లెక్కన ఉంచి మిగిలినవి తీసివేసే ఏర్పాటు కూడా అందులోనే ఉంది.

దానిని పిలిచే స్క్రిప్టులో మాత్రం రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. మొదటిది, మూలంలో కొన్ని ఫైళ్ళను చదవలేకపోతే అది 3 అనే ముగింపు సంకేతం ఇస్తుంది. ఆ రోజు ప్రతి తయారవుతుంది గానీ అసంపూర్ణంగా ఉంటుంది. దానిని ఎప్పుడూ వచ్చే హెచ్చరికేనని వదిలేసిన వారిని నేను చూశాను. రెండవది, చెక్ ఆదేశాన్ని ఊరికే నడిపితే అది నిర్మాణాన్ని మాత్రమే పరిశీలిస్తుంది, డేటాను చదివి చూడదు. అంతా చదివించడం మీకు ఖర్చు అనిపిస్తే ముప్పై భాగాల్లో రోజుకొక భాగం చదివే ఎంపిక ఉంది. నెల తిరిగేసరికి అంతా ఒకసారి చదివినట్టవుతుంది.

పాస్‌వర్డు విషయంలో ఒక మాట. అది పోతే ఆ బ్యాకప్‌ను తెరిచే దారి వేరే లేదు. దానిని సర్వర్‌లోని ఫైలులో మాత్రమే ఉంచి, ఆ సర్వరే పాడైపోతే ఏమవుతుందో ఊహించండి. కాగితం మీద రాసి, ఇద్దరు వేర్వేరు ఇళ్ళలో దాచండి.

దూరతీరం

నేను అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో డిజిటల్ సేకరణల విభాగంలో పనిచేస్తాను. పై ఇద్దరూ చెప్పినవి మూల డిస్కులో ఉన్నది క్లౌడ్‌లో ఉన్నదానితో సరిపోలుతోందా అన్న ప్రశ్నకు సమాధానాలు. మూలమే చెడితే ఏమి చేస్తారు? డిస్కులో ఒక టిఫ్ ఫైలు పాడైతే, బ్యాకప్ పరికరం దానిని మారిన ఫైలుగానే భావించి ఎంతో విశ్వాసంగా ఎక్కిస్తుంది. పరీక్షలన్నీ నెగ్గుతాయి, పాత ప్రతుల గడువు తీరగానే మంచి ప్రతి కాస్తా తొలగిపోతుంది.

మా దగ్గర స్కాన్ పూర్తయి, నాణ్యత చూసిన వెంటనే ప్రతి ఫైలుకూ షా-256 హ్యాష్ తీసి, సంచికకొక పట్టీ ఫైలులో రాసి, ఆ పట్టీని మార్చకుండా ఉంచుతాం. ఆ తరువాత జరిగే ప్రతి పోలికా ఆ పట్టీతోనే జరుగుతుంది, డిస్కుతో కాదు. ఇందుకోసం బ్యాగిట్ అనే సరళమైన అమరిక ఉంది. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం, కాలిఫోర్నియా డిజిటల్ గ్రంథాలయం కలిసి రూపొందించిన ఈ అమరిక 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8493 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వెలువడింది. ఒక ఫోల్డరులో డేటా, దాని పక్కన హ్యాష్‌ల పట్టీ, ఇంతే. సాదా వచన ఫైళ్ళు కాబట్టి ఏ పరికరమూ లేకపోయినా ముప్పై ఏళ్ళ తరువాత చదువుకోవచ్చు. పత్రికల సంరక్షణ అంటే అంత కాలాన్ని దృష్టిలో పెట్టుకుని చేయాల్సిన పని.

పత్రికల గది

అందరికీ కృతజ్ఞతలు. డేటాబేస్ స్క్రిప్టు సరిచేశాను, ఈ ఉదయం ఫైలు 41 మెగాబైట్లు వచ్చింది. అయితే టిఫ్‌లను పరిశీలించబోయి పెద్ద ఆందోళనలో పడ్డాను. ఎస్3 ప్రతి ఫైలుకూ ఈట్యాగ్ అనే విలువ ఇస్తుందనీ, అది ఎండీ5 అనే మరో రకం హ్యాష్ అనీ చదివి, మా ఫైళ్ళ ఎండీ5లతో పోల్చే స్క్రిప్టు రాశాను. 64 వేల ఫైళ్ళలో ఒక్కటి కూడా సరిపోలలేదు. పైగా ప్రతి ఈట్యాగ్ చివరా ఒక అడ్డగీత, దాని పక్కన 2 అనే అంకె ఉన్నాయి. మొత్తం పాడైపోయినట్టేనా?

రాత్రి కాపలా

పాడైపోలేదు, కుదుటపడండి. అమెజాన్ క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్ వారి ఆదేశ పరికరం, మీరు మార్చకపోతే, 8 మెగాబైట్లు దాటిన ఫైలును ముక్కలు చేసి ఎక్కిస్తుంది. మీ 15 మెగాబైట్ల టిఫ్ రెండు ముక్కలైంది. అప్పుడు ఈట్యాగ్ అంటే ఫైలు ఎండీ5 కాదు. ఆ రెండు ముక్కల ఎండీ5లను పక్కపక్కన పేర్చి, దానికి మళ్ళీ తీసిన ఎండీ5. చివరి 2 అంకె ముక్కల సంఖ్య. ముక్క పరిమాణం తెలుసు కాబట్టి అదే లెక్కను మీ వైపు చేసి పోల్చవచ్చు గానీ, రేపు ఎవరైనా ఆ పరిమాణం మారిస్తే స్క్రిప్టు మళ్ళీ అబద్ధం చెబుతుంది. కొన్ని రకాల రహస్యలిపి ఏర్పాట్లలో ఈట్యాగ్ అసలు ఎండీ5 కానే కాదు.

2022లో ఎస్3 వారు షా-256తో సహా మరికొన్ని చెక్‌సమ్‌లను (హ్యాష్ వంటి సరిచూసే విలువలను) ఎక్కించేటప్పుడే ఇచ్చే వీలు కల్పించారు. అయితే ముక్కలుగా ఎక్కించినప్పుడు షా-256 కూడా ముక్కల మీద కట్టిన విలువే అవుతుంది. అందుకే దూరతీరం గారు చెప్పిన పట్టీలోని హ్యాష్‌ను ఫైలుతోపాటు మెటాడేటాగా (ఫైలుకు జతచేసే వివరంగా) ఎక్కించండి. పోల్చేటప్పుడు ఆ మెటాడేటాను చదివి సంతృప్తి పడకుండా, రోజుకు కొన్ని ఫైళ్ళను నిజంగా దించి, మళ్ళీ హ్యాష్ తీసి చూడండి. మెటాడేటా మీరు రాసిన మాటే గదా, అది క్లౌడ్‌లోని బైట్ల గురించి ఏమీ చెప్పదు.

పత్రికల గది

ప్రాణం లేచివచ్చింది. కానీ మరో చిక్కు. సూచికలోని ఫైలు పేర్ల జాబితాను, బకెట్‌లోని పేర్ల జాబితాను పోల్చితే 900కు పైగా ఫైళ్ళు లేవని వస్తోంది. బకెట్ తెరిచి చూస్తే కళ్ళ ముందే ఉన్నాయి. విచిత్రమేమిటంటే అవన్నీ పేరులో "జూలై" ఉన్న సంచికలే. జూన్, ఆగస్టు సంచికలన్నీ సరిగానే ఉన్నాయి.

అచ్చుల పెట్టె

ఈ చర్చను మౌనంగా చదువుతున్నాను. ఇది నా రంగానికి చెందిన ప్రశ్న కాబట్టి రాస్తున్నాను. మీ స్కానింగ్ యంత్రాల్లో ఏదైనా పాత మ్యాక్ ఉందా?

యూనికోడ్‌లో "ఐ" గుణింతపు గుర్తును రెండు విధాలుగా రాయవచ్చు. ఒకటి 0C48 అనే ఒకే సంకేతం. రెండవది 0C46 అనే ఎత్వపు గుర్తు, దాని తరువాత 0C56 అనే ఐత్వపు పొడవు గుర్తు. తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, బైట్లు మాత్రం వేరు. తెలుగు సంకేతాల్లో ఇలా రెండుగా విడిపోయేది ఈ ఒక్క గుర్తే. అందుకే మీ జూలైలు మాత్రమే తప్పిపోయాయి. ఆయా పేర్లలో చైత్రం, వైశాఖం ఉంటే అవీ తప్పిపోయి ఉంటాయి, చూడండి.

పాత మ్యాక్ డిస్కులు వాడే హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అమరిక, ఫైలు పేరును దాచేటప్పుడే ఇటువంటి అక్షరాలను విడగొట్టి రాస్తుంది. విండోస్, లినక్స్ మీరు టైపు చేసినది చేసినట్టు ఉంచుతాయి. ఎస్3 దృష్టిలో పేరు అంటే వట్టి బైట్ల వరుస కాబట్టి అవి రెండు వేర్వేరు ఫైళ్ళు. పోల్చే ముందు రెండు జాబితాలనూ, విడిపోయిన గుర్తులను కలిపి రాసే ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి మార్చండి. పైథాన్‌లో యూనికోడ్‌డేటా అనే మాడ్యూల్‌లోని నార్మలైజ్ ఫంక్షన్ ఆ పని ఒక్క వరుసలో చేస్తుంది. ఫైళ్ళను క్లౌడ్‌కు నకలు చేసే ఆర్‌క్లోన్ అనే పరికరం తన పోలికల్లో ఈ సర్దుబాటు తానే చేసుకుంటుంది. అటువంటిదే అయిన ఆర్‌సింక్ చేయదు, దానికి ప్రత్యేకంగా చెప్పాలి.

ఇంకొక మాట కూడా చెబుతాను, ఎందుకంటే తెలుగు పేర్లు పెట్టేవారికి ఇది తప్పక ఎదురవుతుంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు. లినక్స్ డిస్కుల్లో ఫైలు పేరు హద్దు సాధారణంగా 255 బైట్లు, అంటే గుణింతపు గుర్తులతో కలిపి 85 సంకేతాలే. ఆర్‌క్లోన్‌లో పేర్లను కూడా రహస్యలిపిలోకి మార్చే ఏర్పాటు పెట్టి, అటువంటి డిస్కు మీద రెండవ ప్రతి ఉంచుకుంటే పేరు ఇంకా పొడవవుతుంది కాబట్టి అసలు పేరు హద్దు 143 బైట్లకు పడిపోతుంది. అంటే 47 తెలుగు సంకేతాలు. "ప్రత్యేక సంచిక" అన్న రెండు మాటలకే, మధ్య ఖాళీని కూడా లెక్కిస్తే, 40 బైట్లు అవుతాయి. పేర్లు పొట్టిగా పెట్టి, వివరాలను సూచికలో ఉంచడం మంచిది.

కాలువ గట్టు

అచ్చుల పెట్టె గారూ, ఈ సంగతి నాకు తెలియదు, చాలా సంతోషం.

ఆర్‌క్లోన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక చిన్న కార్యాలయంలో బయటి యూఎస్‌బీ డిస్కును క్లౌడ్‌తో సింక్ చేసే స్క్రిప్టు రాశాను. ఒక రాత్రి కరెంటు పోయి వచ్చాక సర్వర్ తిరిగి లేచింది గానీ ఆ డిస్కు మౌంట్ కాలేదు, అంటే సర్వర్‌కు జతపడలేదు. మౌంట్ కావాల్సిన చోట ఖాళీ ఫోల్డరు ఉంది. సింక్ అంటే గమ్యాన్ని మూలంలా మార్చడం. మూలం ఖాళీ. తెల్లవారేసరికి క్లౌడ్ కూడా ఖాళీ అయింది. డిస్కు బాగానే ఉండడం వల్ల డేటా దక్కింది, కానీ ఆ ఉదయం నేను పడిన భయం ఇంకొకరు పడకూడదు.

కాబట్టి సింక్ బదులు కాపీ వాడండి. సింకే కావాలంటే, ముందు ఆ చోటు నిజంగా మౌంట్ అయిందో లేదో స్క్రిప్టు చేత అడిగించండి. ఒక పరుగులో ఇన్నింటికి మించి తొలగించకూడదన్న హద్దు పెట్టండి. తొలగించేవాటిని వేరే ఫోల్డరుకు తరలించే ఎంపిక వాడండి. బకెట్‌లో వెర్షనింగ్ (పాత ప్రతులనూ ఉంచే ఏర్పాటు) పెట్టండి. స్క్రిప్టు వాడే తాళంచెవికి (బకెట్‌ను తెరిచే అనుమతి సంకేతానికి) పాత వెర్షన్లను తొలగించే అధికారం ఇవ్వవద్దు. ఫైలును గడువు వరకు తొలగించకుండా బిగించే ఎస్3 ఆబ్జెక్ట్ లాక్ కూడా ఉంది గానీ, అందులోని కంప్లయన్స్ పద్ధతిని తొందరపడి పెట్టవద్దని నా సలహా. గడువు తీరేవరకు ఖాతా యజమాని కూడా ఆ ఫైలును తొలగించలేరు, బిల్లు మాత్రం వస్తూనే ఉంటుంది.

రాత్రి కాపలా

ఆబ్జెక్ట్ లాక్ విషయంలో నేను కొంత విభేదిస్తాను. అందులోనే ఉన్న మరో పద్ధతి గవర్నెన్స్‌లో, తగిన అధికారం ఉన్న తాళంచెవితో లాక్‌ను దాటవచ్చు. ఆ తాళంచెవి దొంగల చేతికి చిక్కితే వారూ దాటగలరు. పత్రికల టిఫ్‌లు ఎప్పటికీ మారనివి, తొలగించాల్సిన అవసరమూ రానివి. డేటాబేస్ డంప్‌లకు గవర్నెన్స్ చాలు, టిఫ్‌లకు కంప్లయన్స్ పద్ధతినే పెట్టమంటాను, అయితే పట్టీతో సరిపోల్చి చూసిన తరువాతే.

రెండవ ప్రతి ఎక్కడ ఉంచుతారో కూడా ఆలోచించండి. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ సంస్థ డేటా కేంద్రం ఒకటి కాలిపోయినప్పుడు, అసలునూ బ్యాకప్‌నూ అదే ప్రాంగణంలో ఉంచుకున్నవారు రెండింటినీ కోల్పోయారు. ఏడబ్ల్యూఎస్‌కు ముంబైలో 2016 నుండి, హైదరాబాద్‌లో 2022 నుండి కేంద్రాలున్నాయి. ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ ఉంచుకోవచ్చు. ఖర్చు తగ్గాలంటే రెండవ ప్రతిని ఎస్3లోని చౌక నిల్వ అయిన డీప్ ఆర్కైవ్‌లో పెట్టండి. అక్కడి నుండి తిరిగి తీయడానికి మామూలుగా 12 గంటల వరకు, చౌక పద్ధతిలో 48 గంటల వరకు పడుతుందనీ, 180 రోజుల లోపు తొలగించినా అన్ని రోజులకూ చెల్లించాలనీ గుర్తుంచుకోండి. రోజువారీ నమూనా పరిశీలన మొదటి ప్రతి మీదే చేయాలి.

మీ సర్వర్ గడియారం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉందేమో కూడా చూడండి. మన రాత్రి 2 గంటలు అక్కడ ముందు రోజు 20:30. ఫైలు పేరులో తేదీ ఒక రోజు వెనక పడితే, వెతికేవారు అవసరమైన వేళ తప్పు ఫైలు తెరుస్తారు. స్క్రిప్టును అనుకున్న వేళకు నడిపే క్రాన్ వరుసలోనే తేదీ రూపం రాస్తుంటే శాతం గుర్తుకు ముందు వెనుకగీత పెట్టాలి, లేకపోతే క్రాన్ దానిని వరుస ముగింపుగా తీసుకుంటుంది.

పత్రికల గది

ఐదు వారాల తరువాత రాస్తున్నాను. అందరూ చెప్పినవి ఒక్కొక్కటిగా అమలు చేశాం. సంచికలన్నింటికీ బ్యాగిట్ పట్టీలు తయారుచేశాం. జూలైలన్నీ దొరికాయి, అచ్చుల పెట్టె గారు ఊహించినట్టే మా దగ్గర ఒక పాత మ్యాక్ ఉంది, చైత్రాలు కూడా 112 తప్పిపోయి ఉన్నాయి. కొత్త స్క్రిప్టు రోజూ ముప్పయ్యో వంతు ఫైళ్ళను దించి హ్యాష్ చూస్తుంది. సూచిక డంప్‌ను ప్రతి ఆదివారం ఒక ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి, పట్టికల వరుసల సంఖ్యను అసలుతో పోలుస్తుంది.

నిన్న తొలిసారి పూర్తి రిస్టోర్ సాధన చేశాం. మా సర్వర్‌ను ముట్టుకోకుండా, ఒక సభ్యుని ల్యాప్‌టాప్, ఒక కొత్త డిస్కు, కాగితం మీద రాసి దాచిన పాస్‌వర్డు మాత్రమే తీసుకుని, స్క్రిప్టు రాసిన నేను పక్కన లేకుండా ఇద్దరు చేశారు. డేటాబేస్ ఇరవై నిమిషాల్లో లేచింది. టిఫ్‌లన్నీ దిగడానికి ఇంటి ఇంటర్నెట్ మీద 27 గంటలు పట్టింది. రాసిపెట్టిన సూచనల్లో రెండు చోట్ల వారు ఆగిపోయి నాకు ఫోను చేయాల్సి వచ్చింది, ఆ రెండు పేరాలూ ఇవాళ తిరగరాశాను.

దిగినవాటిని పట్టీలతో పోల్చితే అన్నీ సరిపోయాయి. అయితే దూరతీరం గారి మాట మనసులో ఉండి, హ్యాష్‌తో ఆగకుండా ప్రతి టిఫ్‌నూ ఒక పరికరంతో తెరిపించి చూశాం. ఆరు పుటలు సగం వరకే తెరుచుకున్నాయి. అవి పట్టీ తయారు కాకముందే, మూల డిస్కులోనే చెడి ఉన్నాయి. నాలుగు పుటల మూలప్రతులు మా బీరువాలోనే ఉండడం వల్ల ఈ ఉదయం మళ్ళీ స్కాన్ చేశాం. మిగిలిన రెండు పుటలున్న సంచికను మాకు అరువిచ్చిన కుటుంబానికి గత ఏడాదే తిరిగి ఇచ్చేశాం. వారికి ఫోను చేస్తే సంచిక భద్రంగా ఉందని చెప్పారు. ఈ ఆదివారం స్కానర్ తీసుకుని వారి ఊరికి వెళ్తున్నాం.